భిలాయి కన్నా చిన్న దేశాలు ప్రపంచకప్‌కు వెళ్తున్నాయి. ఉక్కునగరంలో పిల్లల ఫుట్‌బాల్‌కు ఏం కావాలి?

భిలాయి (ఛత్తీస్‌గఢ్): 2011 జనగణన ప్రకారం భిలాయి నగరపాలక సంస్థ పరిధిలో నివసిస్తున్నవారు సుమారు 6.25 లక్షల మంది. పక్కనే ఉన్న దుర్గ్‌ను కలుపుకొంటే ఆ సంఖ్య 10.6 లక్షలు దాటుతుంది. 2026 ప్రపంచకప్ ఫుట్‌బాల్‌కు తొలిసారి అర్హత సాధించిన కేప్ వర్డీ ద్వీపదేశం జనాభా 5.25 లక్షల మేర మాత్రమే. అదే పోటీకి అర్హత పొందిన కరీబియన్ ద్వీపం కురసావ్‌లో ఉన్నవారు 1.6 లక్షలకు మించరు. 2018లో తొలి ప్రపంచకప్ ఆడి, మెస్సీ నాయకత్వంలోని అర్జెంటీనాను 1-1తో నిలువరించిన ఐస్లాండ్ జనాభా అప్పటికి దాదాపు 3.5 లక్షలు. అంటే భిలాయిలో సగం కన్నా కాస్త ఎక్కువ.

భారత పురుషుల జట్టు ఇంతవరకు ప్రపంచకప్ ఆడలేదు. 1950లో అవకాశం చేతికి వచ్చినా బ్రెజిల్‌కు ప్రయాణం కట్టలేదు. 2025 అక్టోబరులో మడ్గావ్‌లో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి 2027 ఆసియా కప్‌కు సైతం దూరమైంది. జనసంఖ్యలో ప్రపంచంలోనే అతి పెద్ద దేశం ఫుట్‌బాల్‌లో చిన్న దేశమే. ఈ వైరుధ్యాన్ని వివరించడానికి ఢిల్లీ, కోల్‌కతాల కన్నా భిలాయి వంటి ఊరు ఎక్కువ ఉపకరిస్తుంది. ఎందుకంటే ఆటకు కావలసిన వాటిలో సగం ఇక్కడ ఏనాడో ఏర్పడ్డాయి. లేనిది మిగిలిన సగం.

మైదానాలున్న ఊరు

సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం మేరకు నిర్మాణమైన భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. కర్మాగారంతో పాటే టౌన్‌షిప్ వెలసింది. సెక్టార్లుగా విభజించిన ఆ పట్టణంలో ఇళ్లతో పాటు పాఠశాల, ఆసుపత్రి, సంత, ఆటస్థలం అన్నీ నడిచి వెళ్లే దూరంలో ఉండేలా ప్రణాళిక రచించారు. పని కోసం దేశం నలుమూలల నుంచి జనం తరలివచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఇప్పటికి మూడో తరానికి చేరాయి. తాత కొలిమి దగ్గర పనిచేస్తే మనవడు కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాడు. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్, విశాఖపట్నం మధ్య వందే భారత్ రైలు కూడా నడుస్తోంది గనుక సొంతూరికి రాకపోకలు మరింత సులువయ్యాయి.

ఉక్కు కర్మాగారాలకు, క్రీడలకు మన దేశంలో పాత బంధుత్వమే ఉంది. జంషెడ్‌పూర్‌లో 1987లో ఏర్పడిన టాటా ఫుట్‌బాల్ అకాడమీ నుంచి కార్ల్‌టన్ చాప్‌మన్, రెనెడీ సింగ్, మహేశ్ గవ్లీ, దీపక్ మండల్, సుబ్రతా పాల్ వంటి అంతర్జాతీయ ఆటగాళ్లు వచ్చారు. ప్రభుత్వ రంగ సంస్థ సెయిల్ తన ఉక్కునగరాలకు తలా ఒక ఆటను పంచింది. రూర్కెలాకు హాకీ, బొకారోకు ఫుట్‌బాల్, భిలాయికి అథ్లెటిక్స్ దక్కాయి. ఈ పంపకంలో ఒక తర్కం లేకపోలేదు. ఒక్కో చోట ఒక్కో ఆటపై దృష్టి పెడితే నిధులు చెదిరిపోవు. అయితే ఫుట్‌బాల్‌లో ప్రతిభగల భిలాయి బాలుడు పన్నెండు, పదమూడేళ్ల వయసులో ఇల్లు విడిచి వందల కిలోమీటర్ల దూరం పోవలసి వస్తుంది. ఎంపిక కాని వందమంది పిల్లలకు ఆ అకాడమీ ఉన్నా లేనట్టే.

టౌన్‌షిప్ లోపల, వెలుపల అనే తేడా కూడా చిన్నది కాదు. ప్లాంటులో శాశ్వత ఉద్యోగుల సంఖ్య ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చింది. పనిలో పెద్ద భాగం కాంట్రాక్టు కార్మికుల చేతికి మారింది. వారి కుటుంబాలు ఎక్కువగా నివసించేది సెక్టార్ల వెలుపల ఉన్న బస్తీల్లో. సెక్టార్లలోని ఖాళీ స్థలాలు ఒకప్పటి లెక్క ప్రకారం ఏర్పడినవి. పిల్లలు ఎక్కువగా ఉన్నది ఇప్పుడు వేరేచోట. ఈ రెంటినీ కలిపే పని ఏ ఫుట్‌బాల్ ప్రణాళికకైనా మొదటి పరీక్ష.

ఐస్లాండ్ చేసినది ఏమిటి?

చిన్న దేశాల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఐస్లాండ్ పేరు వినిపిస్తుంది. దాని కథను సాధారణంగా తప్పుగా చెప్పడం కూడా ఆనవాయితీ అయింది. అది అద్భుతమేమీ కాదు. 2000 సంవత్సరానికి ముందు ఆ దేశంలో ఫుట్‌బాల్ అంటే వేసవి నెలల ఆట. మిగతా కాలమంతా మంచు, గాలి, చీకటి. 2000లో కెఫ్లావిక్‌లో పూర్తి పరిమాణపు మైదానాన్ని పైకప్పు కింద నిర్మించారు. ఆ తరువాత అటువంటి భవనాలు మరికొన్ని లేచాయి. పాఠశాలల పక్కన చిన్న కృత్రిమ మైదానాలు వందకు పైగా వెలిశాయి. వాటిని కట్టినది ప్రధానంగా స్థానిక పురపాలక సంఘాలు. నడిపేది ఊరి క్లబ్బులు. పిల్లలను చేర్చుకునేటప్పుడు ఎంపిక ఉండదు. వచ్చిన ప్రతి బిడ్డకూ చోటుంటుంది.

భవనాల కన్నా పెద్ద పెట్టుబడి మనుషుల మీద పెట్టారు. యూరోపియన్ ఫుట్‌బాల్ సమాఖ్య బి, ఎ స్థాయి లైసెన్సులు ఉన్న కోచ్‌లను వందల సంఖ్యలో తయారుచేశారు. అక్కడ ఐదారేళ్ల పిల్లవాడికి తొలిపాఠం చెప్పేది కూడా అర్హత ఉన్న కోచే. వారిలో అత్యధికులు పూర్తికాలపు ఉద్యోగులు కారు. పగలు బడిలోనో కార్యాలయంలోనో పనిచేసి సాయంత్రం మైదానానికి వచ్చి వేతనం తీసుకుంటారు. జాతీయ జట్టుకు 2018లో శిక్షకుడిగా ఉన్న హెయ్‌మిర్ హాల్‌గ్రిమ్‌సన్ వృత్తిరీత్యా దంతవైద్యుడు. ఇంగ్లండ్‌ను 2016 యూరో పోటీల్లో 2-1తో ఓడించిన జట్టులోని ప్రధాన ఆటగాళ్లు 2011 అండర్‌-21 యూరో పోటీల్లో కలిసి ఆడినవారే. భవనం కట్టిన నాటికీ ఫలితం కనిపించిన నాటికీ మధ్య పదిహేనేళ్లు గడిచాయి. ఐదేళ్ల పదవీకాలం ఉన్న ఏ పాలకవర్గానికైనా మింగుడుపడని లెక్క ఇది.

భిలాయికి మంచు బెడద లేదు. కానీ ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు వరకు వానలు. పాఠశాలలకు వేసవి సెలవులు వచ్చేది ఎండ మండే కాలంలోనే. సంస్థలు నిర్వహించే వేసవి శిక్షణ శిబిరాలు కూడా అప్పుడే జరుగుతాయి. ఆటకు అనువైన అక్టోబరు నుంచి మార్చి వరకు పిల్లలు పరీక్షల ఒత్తిడిలో ఉంటారు. వాతావరణం చేసే చేటుకు మన క్యాలెండర్ తోడ్పడుతోందన్నమాట. ఐస్లాండ్ పైకప్పు కట్టి సమస్యను దాటింది. ఇక్కడ కట్టవలసినది పైకప్పు కాదు, తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఏడున్నర వరకు, సంధ్య తరువాత దీపాల వెలుగులో నడిచే సమయపట్టిక. దానికి అయ్యే ఖర్చు నాలుగు దీపస్తంభాలు, ఒక కాపలాదారు, తాగునీరు.

బంతి ఎవరి కాలి దగ్గర ఉంది?

2000 యూరో పోటీలకు సహ ఆతిథ్యమిచ్చి తొలి దశలోనే ఇంటిముఖం పట్టిన బెల్జియం, మిషెల్ సాబ్లోన్ నేతృత్వంలో బాలల ఆటను మొదటి నుంచి తిరగరాసింది. లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పిల్లల మ్యాచ్‌లను పెద్ద సంఖ్యలో చిత్రీకరించి పరిశీలించగా, శిక్షకుల దృష్టి గెలుపు మీదే తప్ప పిల్లల ఎదుగుదల మీద లేదని తేలింది. దాంతో అతి చిన్న వయసు విభాగాల్లో పాయింట్ల పట్టికలను రద్దుచేశారు. చిన్నవారికి ఐదుగురేసి, ఆ పైవారికి ఎనిమిది మందేసి జట్లుగా ఆడించారు. 2015 నవంబరులో బెల్జియం ఫిఫా ర్యాంకింగ్‌లో అగ్రస్థానానికి చేరింది. 2018 ప్రపంచకప్‌లో మూడో స్థానం పొందింది.

ఇందులోని ఇంగితం సరళమైనది. పదకొండు మంది చొప్పున ఆడితే ఒక బంతిని ఇరవై రెండు మంది పంచుకోవాలి. ఐదుగురు చొప్పున అయితే పదిమందే. ఎనిమిదేళ్ల పిల్లవాడిని పెద్దల మైదానంలో వింగ్ చివర నిలబెడితే అరగంటలో బంతి రెండుసార్లు కాలికి తగలవచ్చు, తగలకపోవచ్చు. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉన్న ఒక పూర్తి మైదానంలో 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న చిన్న ఆటస్థలాలు తొమ్మిది పడతాయి, మధ్యలో నడిచే దారి కూడా మిగులుతుంది. ఒకేసారి తొంభై మంది పిల్లలు ఆడగలరు. సెక్టార్‌లోని ఒక మైదానాన్ని ఇరవై ఇద్దరు పెద్దవాళ్లు సాయంత్రమంతా ఆక్రమించుకునే పద్ధతితో పోల్చి చూస్తే ఈ లెక్క ప్రాధాన్యం అర్థమవుతుంది. స్థలం కొరత అనే మాటను చాలాచోట్ల తొందరపడి వాడుతున్నాం.

తెలుగు పాఠకులకు ఈ ఆలోచన బెల్జియం నుంచి దిగుమతి కావలసిన అవసరం లేదు. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1943 నుంచి 1963లో మరణించే వరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. ఈ విజయాలు అందరికీ తెలిసినవే. అంతగా చెప్పుకోనిది ఆయన స్థానికంగా నిర్వహించిన విచిత్రమైన పోటీల సంగతి. ఒకదానిలో డ్రిబ్లింగ్ నిషిద్ధం, బంతి వచ్చీరాగానే పాస్ ఇవ్వాలి. మరొకదానిలో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్న కుర్రాడు ఎడమకాలితో తడబడుతూ నేర్చుకోవాలి. నియమాన్ని మార్చితే కోచ్ కేకలు వేయకుండానే ఆట పాఠం చెబుతుందని ఆయన గ్రహించారు. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం వంటి ఆటగాళ్లు ఆ వాతావరణంలోనే ఎదిగారు.

రహీం అనంతరం హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎందుకు వెనుకబడిందన్న ప్రశ్నకు అనేక సమాధానాలున్నాయి. వాటిలో భిలాయికి నేరుగా వర్తించేది ఒకటుంది. పోలీసు, రైల్వే, ప్రభుత్వ రంగ సంస్థల జట్లు తయారైన ఆటగాడికి ఉద్యోగమిచ్చాయి. తయారుచేసే బాధ్యత మాత్రం బస్తీ మైదానాలకూ, ఒకరిద్దరు ఉపాధ్యాయుల ఉత్సాహానికీ వదిలేశాయి. ఆ ఉపాధ్యాయులు పోయాక గొలుసు తెగింది.

అదే ఊరు, వేరే బంతి

భిలాయిలో పిల్లల శిక్షణ ఎలా ఫలిస్తుందో చూడడానికి విదేశాలకు వెళ్లనక్కరలేదు. బాస్కెట్‌బాల్ కోచ్ రాజేశ్ పటేల్ ఈ ఊరిలోనే దశాబ్దాల పాటు బాలికలకు శిక్షణ ఇచ్చారు. ఛత్తీస్‌గఢ్ బాలికల, మహిళల జట్లు జాతీయ పోటీల్లో పదుల సంఖ్యలో పతకాలు సాధించాయి. ఆయన శిష్యురాళ్లలో పలువురు భారత జట్టుకు ఆడారు. అనేకులకు రైల్వేల్లో ఉద్యోగాలు లభించాయి. 2000 నవంబరు 1న ఏర్పడిన ఒక కొత్త రాష్ట్రం, జనాభాలో పెద్ద రాష్ట్రాలతో పోటీపడలేని రాష్ట్రం, ఒక ఆటలో దేశంలో ముందువరుసన నిలిచింది. 2018లో ఆయన మరణించారు.

ఆ పద్ధతిలో రహస్యమేమీ లేదు. ఉదయం, సాయంత్రం, ఏడాది పొడవునా శిక్షణ. పేద కుటుంబాల నుంచి వచ్చిన బాలికలకు వసతి, భోజనం, చదువు. చివర ఉద్యోగం రావచ్చునన్న ఆశ. తల్లిదండ్రులు ఆడపిల్లను ఆటకు పంపడానికి వెనుకాడే చోట ఈ మూడూ కలిసి వారి సందేహాన్ని తీర్చాయి. దుర్గ్‌కు చెందిన సబా అంజుమ్ భారత మహిళల హాకీ జట్టుకు నాయకత్వం వహించిన సంగతి కూడా ఇక్కడి కుటుంబాలకు తెలుసు. అయితే బాస్కెట్‌బాల్ ఉదాహరణలో ఒక హెచ్చరిక కూడా ఉంది. ఒక వ్యక్తి చుట్టూ అల్లుకున్న వ్యవస్థ ఆ వ్యక్తి ఉన్నంతకాలం బలంగా ఉంటుంది. హైదరాబాద్‌లో రహీం విషయంలో జరిగినదీ అదే. ఐస్లాండ్ వందల మంది సాధారణ కోచ్‌లను తయారుచేసింది. మనం ఒక్కొక్క అసాధారణ గురువు కోసం ఎదురుచూస్తూ ఉంటాం.

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కోచ్‌లకు డి లైసెన్సుతో మొదలుపెట్టి, ఆసియా సమాఖ్య సి, బి, ఎ, ప్రో స్థాయుల వరకు మెట్లు ఏర్పరచింది. భిలాయి వంటి చోట కావలసినది ప్రో లైసెన్సు ఉన్న ఒక పెద్ద పేరు కాదు. వ్యాయామ ఉపాధ్యాయులు, మాజీ ఆటగాళ్లు, ప్లాంటులో పనిచేసి విరమణ పొందిన క్రీడాకారులు, కాలేజీ విద్యార్థులు కలిపి యాభై మంది డి, సి స్థాయి కోచ్‌లు ఉంటే ప్రతి సెక్టార్‌కూ బస్తీకీ ఒకరిని కేటాయించవచ్చు. వారికి గౌరవ వేతనం తప్పనిసరి. ఉచిత సేవ మీద ఆధారపడిన శిక్షణ రెండో వానాకాలం దాటడం అరుదు.

వయసు అనే చిక్కు

మన బాలల ఫుట్‌బాల్‌ను లోలోపల తినేస్తున్న చీడ వయసు తగ్గించి చూపడం. పదిహేడేళ్లవాడు అండర్‌-14లో ఆడితే జట్టు గెలుస్తుంది, నిజంగా పద్నాలుగేళ్లున్న నలుగురు ఆట మానేస్తారు. జాతీయ సమాఖ్య ఎడమచేతి మణికట్టు ఎక్స్‌రే ఆధారంగా ఎముకల వయసు అంచనా వేసే టీడబ్ల్యూ3 పరీక్షను వాడుతోంది. ఫిఫా తన అండర్‌-17 పోటీలకు మణికట్టు ఎంఆర్‌ఐ పరీక్ష పెడుతుంది. జిల్లా స్థాయిలో బాగా ఆడిన జట్టు జాతీయ పోటీలకు వెళ్లి సగం మంది ఆటగాళ్లను కోల్పోవడానికి కారణం చాలాసార్లు ఇదే. పుట్టిన వెంటనే నమోదైన జనన ధ్రువపత్రం చూసి ఆరేడేళ్ల వయసులోనే నమోదు చేస్తే, ఆ తరువాత తిమ్మిని బమ్మి చేయడం కష్టం. చిన్న వయసులో నమోదుకు ఉన్న అసలు ప్రయోజనాల్లో ఇది ఒకటి.

మోసం లేకపోయినా చిక్కు పూర్తిగా తీరదు. వయసు విభాగానికి గీత జనవరి 1న గీస్తారు గనుక జనవరిలో పుట్టినవాడు డిసెంబరులో పుట్టినవాడి కన్నా దాదాపు ఏడాది పెద్ద. పదకొండేళ్ల వయసులో ఆ తేడా ఎత్తులో, వేగంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఎంపిక చేసేవారు దాన్నే ప్రతిభగా భావిస్తారు. ఆలస్యంగా ఎదిగే పిల్లల కోసం బెల్జియం సమాఖ్య ప్రత్యేకంగా మరో జాతీయ బాలల జట్టునే నడుపుతోంది. భిలాయి స్థాయిలో అంత అవసరం లేదు. పదమూడేళ్ల వరకు ఎవరినీ తొలగించకపోతే చాలు.

ఉజ్బెకిస్తాన్ దారి

సోవియట్ ఇంజినీర్లతో చేయి కలిపి కర్మాగారం కట్టిన ఊరికి, పూర్వపు సోవియట్ గణతంత్రమైన ఉజ్బెకిస్తాన్ ఉదాహరణ ఆసక్తికరం. ఆ దేశం 2018లో అండర్‌-23, 2023లో అండర్‌-20, 2025లో అండర్‌-17 ఆసియా టైటిళ్లు గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆడింది. 2025 జూన్‌లో తొలిసారి ప్రపంచకప్ అర్హత పొందింది. వరుస గమనించదగినది. పిల్లల జట్లు ముందు గెలిచాయి, పెద్దల జట్టు తరువాత అర్హత పొందింది. కేప్ వర్డీ, కురసావ్‌ల దారి వేరు. ఐరోపాలో, ముఖ్యంగా నెదర్లాండ్స్‌లో, పుట్టి పెరిగిన తమ సంతతి ఆటగాళ్లను అవి పిలుచుకున్నాయి. మన పౌరసత్వ నిబంధనల దృష్ట్యా ఆ దారి భారత్‌కు ప్రస్తుతానికి ఇరుకైనది. చిన్న దేశాల విజయాలన్నిటినీ ఒకే గాటన కట్టడం అందుకే సరికాదు.

భారత్ కూడా పిల్లల స్థాయిలో ఖాళీగా లేదు. 2017 అండర్‌-17 ప్రపంచకప్‌కు ఆతిథ్యమిచ్చినపుడు మన జట్టు అమెరికా, కొలంబియా, ఘనాల చేతిలో మూడు మ్యాచ్‌లూ ఓడింది. కొలంబియాపై జీక్సన్ సింగ్ చేసిన గోల్ ఒక్కటే మిగిలింది. ఎనిమిదేళ్ల తరువాత, 2025 నవంబరు చివర అహ్మదాబాద్‌లో అండర్‌-17 జట్టు ఇరాన్‌ను 2-1తో ఓడించి ఆసియా కప్ అర్హత సంపాదించింది. అదే ఏడాది మహిళల సీనియర్ జట్టు థాయ్‌లాండ్‌ను వారి గడ్డపైనే ఓడించి 2026 ఆసియా కప్‌లో చోటు పొందగా, అండర్‌-20, అండర్‌-17 బాలికల జట్లు కూడా తమ ఆసియా పోటీలకు అర్హత సాధించాయి. తెలంగాణలోని నిజామాబాద్‌కు చెందిన గుగులోత్ సౌమ్య జాతీయ సమాఖ్య ఇచ్చే ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం అందుకున్నారు. బాలికల ఆటలో ప్రపంచమంతటా పోటీ ఇంకా పలచగానే ఉంది. ఇదే శ్రమ బాలికల మీద పెడితే ఫలితం త్వరగా వస్తుందని బాస్కెట్‌బాల్‌లో ఒకసారి రుజువు చేసిన ఊరు భిలాయి. ఫుట్‌బాల్‌లో తొలి అడుగు బాలికలతో వేయడమే తెలివైన పని.

పైమెట్ల పరిస్థితి మాత్రం ఆందోళనకరం. వాణిజ్య హక్కుల ఒప్పందం ముగియడంతో 2025-26 ఇండియన్ సూపర్ లీగ్ నెలల తరబడి ఆలస్యమైంది. యువ ఆటగాళ్లకు జాతీయ లీగ్‌లో అనుభవం ఇవ్వడానికి ఏర్పాటైన ఇండియన్ ఆరోస్ జట్టును 2022లోనే నిలిపివేశారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఆడవలసిన మ్యాచ్‌లు తగ్గితే కింద ఎంత నేర్పినా నీరు ఇసుకలో ఇంకినట్టే. ఈ సమస్యకు భిలాయిలో పరిష్కారం లేదు.

రాష్ట్రంలో కదలిక ఎక్కడుంది?

ఛత్తీస్‌గఢ్ ఫుట్‌బాల్ పటంలో ఇటీవల ప్రముఖంగా కనిపిస్తున్నది రాజధాని రాయ్‌పుర్ గానీ ఉక్కునగరం గానీ కాదు, బస్తర్ ప్రాంతంలోని నారాయణ్‌పుర్. అక్కడి రామకృష్ణ మిషన్ ఆశ్రమం గిరిజన బాలబాలికలకు చదువుతో పాటు ఆట నేర్పుతోంది. స్వామి వివేకానంద అండర్‌-20 జాతీయ ఫుట్‌బాల్ పోటీలు 2024, 2025 సంవత్సరాల్లో ఆ ఆశ్రమ మైదానంలోనే జరిగాయి. దశాబ్దాలుగా హింసాత్మక వార్తలతో మాత్రమే పేరు వినిపించిన జిల్లాలో దేశం నలుమూలల నుంచి వచ్చిన కుర్రాళ్లు ఆడారు. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి దగ్గరగా ఉన్నది అనంతపురం. గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్డీటీ, స్పెయిన్‌కు చెందిన లా లిగా ఫౌండేషన్ తోడ్పాటుతో పల్లెల బాలబాలికలకు లీగ్ పోటీలు నిర్వహించింది. రెండు చోట్లా వసతి, బడి, మైదానం ఒకే ఆవరణలో లేదా ఒకే యాజమాన్యం కింద ఉన్నాయి. ఉక్కు టౌన్‌షిప్‌కు ఆ సౌలభ్యం పుట్టుకతోనే ఉంది.

జాతీయ సమాఖ్య నాలుగు నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసం బ్లూ కబ్స్ పేరిట కార్యక్రమం నడుపుతోంది. పాఠశాలల్లో ఫుట్‌బాల్ పథకం కింద ఫిఫా పంపిన లక్షలాది బంతులు నవోదయ విద్యాలయాల ద్వారా దేశవ్యాప్తంగా బడులకు చేరాయి. బంతి చేరడం మంచిదే. అది బీరువాలో ఉందా మైదానంలో ఉందా అన్నది ప్రధానోపాధ్యాయుడి మీద ఆధారపడి ఉంటుంది.

నమోదైతేనే హక్కు

చిన్న క్లబ్బులు తరచూ పట్టించుకోని విషయం ఒకటి మిగిలి ఉంది. ఒక ఆటగాడు ఒప్పందకాలం మధ్యలో ఒక దేశపు క్లబ్బు నుంచి మరో దేశపు క్లబ్బుకు బదిలీ అయితే, ఆ బదిలీ సొమ్ములో 5 శాతాన్ని అతనికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నియమం చెబుతోంది. 12 నుంచి 15 ఏళ్ల వరకు ఏడాదికి 0.25 శాతం చొప్పున, 16 నుంచి 23 వరకు ఏడాదికి 0.5 శాతం చొప్పున ఈ వాటా లెక్కిస్తారు. కోటి రూపాయల బదిలీ జరిగితే తొలి నాలుగేళ్లు నేర్పిన క్లబ్బుకు లక్ష రూపాయలు వస్తాయన్నమాట. భారత ఆటగాళ్లు సొమ్ము చెల్లించే పద్ధతిలో విదేశాలకు వెళ్లడం అరుదు గనుక దీని మీద ఆశలు పెంచుకోవలసిన పని లేదు. కానీ నియమంలోని షరతు గమనార్హం. శిక్షణ ఇచ్చిన క్లబ్బు సమాఖ్యకు అనుబంధమై ఉండాలి, ఆటగాడు ఆ క్లబ్బు పేరున నమోదై ఉండాలి. పుస్తకంలో పేరు లేని శిక్షణకు ఎంత ఘనత ఉన్నా విలువ సున్నా.

పిల్లవాడినో పిల్లనో శిక్షణకు చేర్చే తల్లిదండ్రులకు కూడా ఇదే వర్తిస్తుంది. రంగురంగుల జెర్సీలు, స్పెయిన్ లేదా ఇంగ్లండ్ క్లబ్బుల పేర్లు తగిలించుకున్న అకాడమీలు పట్టణాల్లో పెరుగుతున్నాయి. రుసుము చెల్లించే ముందు అడగవలసినవి కొద్దిపాటి ప్రశ్నలే. కోచ్‌కు ఏ స్థాయి లైసెన్సు ఉంది, ఒక కోచ్‌కు ఎందరు పిల్లలు, ఏడాదిలో ఎన్ని మ్యాచ్‌లు ఆడిస్తారు, బెంచీ మీద కూర్చునే పిల్లలకు ఎన్ని నిమిషాలు దొరుకుతాయి, సమాఖ్య కేంద్రీకృత నమోదు వ్యవస్థలో గుర్తింపు సంఖ్య ఇప్పిస్తారా, గాయమైతే ఎవరు చూస్తారు. పదేళ్ల లోపు పిల్లల జట్టు గోడ మీద ట్రోఫీల వరుస కనిపిస్తే మెచ్చుకోవడానికి ముందు, ఆ ట్రోఫీ గెలిచిన రోజు ఎందరు పిల్లలు ఆడకుండా ఇంటికి వెళ్లారో కూడా అడగవచ్చు.